అవసరమైన రూట్లే అవసరమైన రూటర్‌కు: ఉత్తరాంధ్రలో ఒక వీపీఎన్ నెట్‌వర్క్‌ను సరిచేసిన అనుభవం

విజయనగరం కేంద్రంగా ఉత్తరాంధ్ర పట్టణాలకు లీజు లైన్లు, వీపీఎన్ (ఒక సంస్థ శాఖలను ఇతరులతో కలవకుండా కలిపే ప్రైవేటు నెట్‌వర్క్) సేవలు అందించే ఒక చిన్న సర్వీస్ ప్రొవైడర్ సంస్థలో నేను నెట్‌వర్క్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. బొబ్బిలి, రాజాం, శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం వరకు మా రూటర్లు ఉన్నాయి. సహకార బ్యాంకుల శాఖలు, పలాస జీడిపప్పు వ్యాపారుల గిడ్డంగులు, ప్రైవేటు ఆసుపత్రులు, రెండు మూడు ఊళ్ళలో ప్రాంగణాలున్న కళాశాలలు మా ఖాతాదారులు. ఈ నెట్‌వర్క్‌లో ఏ రూటర్‌కు ఏ వీపీఎన్ రూట్లు (ఏ చిరునామాకు ఏ దారిలో వెళ్ళాలో చెప్పే సమాచారం) అవసరమో వాటినే దానికి పంపే పద్ధతిని ఎందుకు ఎంచుకున్నామో, ఎలా అమలుచేశామో, దారిలో ఏమేమి ఎదురయ్యాయో రాస్తున్నాను. ఇదే పని తలపెట్టినవారికి పనికివస్తుందన్న ఆశతో, చిక్కు ఉన్న చోట వివరం కాస్త ఎక్కువగానే ఇస్తున్నాను.

ఎరిక్ రోసెన్, యాకొవ్ రెఖ్టర్ 1999 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2547గా (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాలు) రాసి, ఆ తరువాత 2006 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 4364గా స్థిరపడిన బీజీపీ, ఎంపీఎల్ఎస్ ఆధారిత వీపీఎన్ పద్ధతే మాది కూడా. రూటర్లు తమ రూట్లను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి బీజీపీ, ప్యాకెట్లకు లేబుళ్ళు అంటించి నడిపించే పద్ధతి ఎంపీఎల్ఎస్. ఖాతాదారు లైను వచ్చి చేరే అంచు రూటర్‌ను పీఈ అంటాం. అందులో ఒక్కొక్క ఖాతాదారుకు ఒక్కొక్క ప్రత్యేక రూటింగ్ పట్టిక, అంటే వీఆర్‌ఎఫ్, ఉంటుంది. ఇద్దరు ఖాతాదారులు ఒకే ప్రైవేటు చిరునామాలు వాడుకున్నా కలిసిపోకుండా ప్రతి చిరునామాకు ముందు 8 బైట్ల రూట్ డిస్టింగ్విషర్ చేరుతుంది. 4 బైట్ల ఐపీ చిరునామా దానితో కలిసి 12 బైట్ల వీపీఎన్ చిరునామా అవుతుంది. ఆ రూటు ఎవరి పట్టికలోకి వెళ్ళాలో మాత్రం డిస్టింగ్విషర్ చెప్పదు. ఆ పని రూటుతో పాటు ప్రయాణించే రూట్ టార్గెట్‌ది. ఒక వీఆర్‌ఎఫ్ తన రూట్లను ఏ టార్గెట్‌తో బయటికి పంపుతుందో (ఎక్స్‌పోర్ట్), ఏ టార్గెట్ ఉన్న రూట్లను లోపలికి తీసుకుంటుందో (ఇంపోర్ట్) మనమే రాస్తాం. కొత్తగా చేరిన ఇంజినీర్లు డిస్టింగ్విషర్‌నూ టార్గెట్‌నూ ఒకటిగా భావించడం నేను తరచూ చూశాను. రెండింటికీ ఒకే సంఖ్య పెట్టే అలవాటు దానికి కారణం కావచ్చు. ఈ వ్యాసమంతా రూట్ టార్గెట్ చుట్టూనే తిరుగుతుంది.

ప్రతి పీఈ మిగిలిన ప్రతి పీఈతోనూ బీజీపీ సెషన్ పెట్టుకోవడం సాధ్యపడదు కనుక మధ్యలో రూట్ రిఫ్లెక్టర్లు ఉంటాయి. మాకు అలాంటివి రెండు: ఒకటి విజయనగరంలో, రెండవది విశాఖపట్నంలో. పీఈలన్నీ తమ వీపీఎన్ రూట్లను ఈ రెండింటికీ చెబుతాయి, అవి తిరిగి అందరికీ చెబుతాయి. ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఏ పీఈకి ఏ వీపీఎన్‌తో పని ఉందో రిఫ్లెక్టర్‌కు తెలియదు కనుక అది అన్ని వీపీఎన్‌ల రూట్లనూ అన్ని పీఈలకూ పంపుతుంది. పీఈ ఒక్కొక్క రూటును తీసుకుని, దాని టార్గెట్‌ను తన వీఆర్‌ఎఫ్‌ల ఇంపోర్ట్ జాబితాతో పోల్చి, సరిపోతే ఉంచుకుని, సరిపోకపోతే పారేస్తుంది. ఊరికి వచ్చిన ఉత్తరాలన్నీ ప్రతి ఇంటి గుమ్మంలోనూ కుమ్మరించి, మీవి మీరు ఏరుకోండి అన్నట్టుగా ఉంటుందీ పద్ధతి. పారేసిన రూటు పట్టికలో కనిపించదు కనుక ఇబ్బంది లేదనిపిస్తుంది. కానీ దానిని పంపడానికి లింకు, అందుకోవడానికి బఫరు, పోల్చడానికి ప్రాసెసర్ అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి.

ఒక ఊహాజనితమైన లెక్క చూద్దాం. ఒక నెట్‌వర్క్‌లో 500 వీపీఎన్‌లు, ఒక్కొక్కదానిలో 40 రూట్లు ఉన్నాయనుకుంటే మొత్తం 20,000 రూట్లు. వాటిలో 5 వీపీఎన్‌లు మాత్రమే ఉన్న ఒక చిన్న పట్టణపు పీఈకి కావలసినవి 200. అంటే వచ్చిన ప్రతి వందలో తొంభై తొమ్మిది పారేయడానికే వస్తాయి. ఇద్దరు రిఫ్లెక్టర్లూ పంపుతారు కనుక ఆ శ్రమ రెండింతలు. పెద్ద నగరంలోని పెద్ద రూటర్ దీనిని లెక్కచేయదు. ఖర్చు చూసుకుని చిన్న రూటర్లు పెట్టిన టెక్కలి, పలాస వంటి చోట్ల ఈ భారం నేరుగా ఖాతాదారుకు తెలుస్తుంది.

తెలిసింది కూడా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటిన తరువాత ఉద్దానం ప్రాంతమంతా స్తంభాలు కూలి, కరెంటు చాలాకాలం లేకుండా పోయింది. మా రూటర్లు జనరేటర్ మీద నడిచాయి. డీజిలు అయిపోయినప్పుడల్లా ఆగి, తిరిగి వచ్చినప్పుడల్లా మొదటి నుంచీ పట్టిక నింపుకునేవి. ఆ రోజుల్లో పలాస నుంచి మా క్షేత్ర సిబ్బందిలో ఒకతను ఫోను చేసి చెప్పిన మాట నాకింకా గుర్తుంది: “సార్, లైటు ఎలుగుతోంది గానీ బేంకోలకి పని అవడం నేదంటన్నారు.” నిజమే. లింకు వచ్చింది, బీజీపీ సెషన్ కూడా లేచింది. కానీ ఆ చిన్న ప్రాసెసర్ తనకు అక్కరలేని వేలాది రూట్లను విప్పి, పోల్చి, పారేసే పనిలో ఉంది, బ్యాంకుకు కావలసిన రూట్లు ఆ వరుసలో ఎక్కడో వెనుక నిలబడి ఉన్నాయి. సహాయం అందవలసిన ఊళ్ళలో డబ్బు తీసుకోవడానికి జనం శాఖ ముందు నిలబడి ఉన్న సమయమది. అప్పటి నుంచీ ఈ విషయాన్ని కేవలం మెమొరీ లెక్కగా నేను చూడలేకపోయాను.

మామూలు రోజుల్లోనూ ఇదే సమస్య మరొక రూపంలో కనిపించేది. పీఈలో కొత్త వీఆర్‌ఎఫ్ పెట్టినప్పుడు, అంతకు ముందు పారేసిన రూట్లు దానికి ఇప్పుడు కావాలి. అవి తన దగ్గర లేవు గనుక 2000 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 2918 ఏర్పరచిన రూట్ రిఫ్రెష్ సందేశంతో రిఫ్లెక్టర్‌ను మళ్ళీ అన్నీ పంపమని అడుగుతుంది. ఒక్క కళాశాల ప్రాంగణాన్ని కలపడానికి మొత్తం పట్టిక మళ్ళీ ఆ లింకు మీదుగా ప్రయాణం చేస్తుంది. పని వేళల్లో కొత్త కనెక్షన్లు ఇవ్వడానికి మేము వెనుకాడేవాళ్ళం.

పరిష్కారాలు ఒకటికి నాలుగు మా ముందున్నాయి. రూటర్లన్నీ మార్చడం మొదటిది. దానికి డబ్బు లేదు, పైగా పారేయడానికే రూట్లు పంపే పద్ధతి అలాగే ఉంటుంది. రెండవది, రిఫ్లెక్టర్ మీద ఒక్కొక్క పీఈకి బయటికి వెళ్ళే ఫిల్టర్‌ను చేతితో రాయడం. దీనిని నేను గట్టిగా వ్యతిరేకించాను. పీఈలో వీఆర్‌ఎఫ్ చేర్చిన ప్రతిసారీ రిఫ్లెక్టర్ మీద కూడా గుర్తుపెట్టుకుని మార్చవలసి వస్తుంది. ఒకే నిజాన్ని రెండు చోట్ల రాసి ఉంచితే ఏదో ఒక రాత్రి అవి రెండూ వేరవుతాయి. మూడవది, ఆర్‌ఎఫ్‌సీ 4364లోనే సూచించిన విధంగా వీపీఎన్‌లను వర్గాలుగా విడగొట్టి ఒక్కొక్క వర్గానికి వేరే రిఫ్లెక్టర్ పెట్టడం. వ్యవస్థలో ఏ ఒక్క పరికరమూ అన్ని వీపీఎన్‌ల రూట్లనూ మోయవలసిన అవసరం ఉండరాదన్నది ఆ పత్రం చూపే మంచి లక్షణం. మా పరిమాణానికి మాత్రం అది మించిన ఏర్పాటు. నాలుగవదే మేము ఎంచుకున్నది: 2006 నవంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4684. పెడ్రో మార్కెస్‌తో పాటు మరికొందరు రాసిన ఈ పత్రం చిన్నదే అయినా, వీపీఎన్ నెట్‌వర్క్ నడిపే ప్రతి ఒక్కరూ పూర్తిగా చదవవలసినదని నా అభిప్రాయం.

దాని కీలకం ఇంతే: ఏ టార్గెట్‌లు కావాలో తీసుకునేవాడే ముందుగా చెబుతాడు, పంపేవాడు అవే పంపుతాడు. ఆ చెప్పడం కూడా బీజీపీ ద్వారానే, ఒక రూటు ప్రకటన రూపంలోనే జరుగుతుంది. బీజీపీ మోసే ఒక్కొక్క రకం సమాచారాన్ని ఒక ఫ్యామిలీ అంటారు; దీనిది అడ్రెస్ ఫ్యామిలీ 1, ఉపఫ్యామిలీ 132. ప్రకటనలో ముందుగా 4 బైట్ల ఏఎస్ సంఖ్య (ఒక సంస్థ నెట్‌వర్క్‌కు ఉండే గుర్తింపు సంఖ్య), తరువాత 8 బైట్ల రూట్ టార్గెట్, మొత్తం 96 బిట్లు. ఉదాహరణకు 64500 ఏఎస్‌లో ఒక పీఈ 64500:101 అనే టార్గెట్‌ను ఇంపోర్ట్ చేసుకుంటుంటే, అది 64500:64500:101/96 అని రిఫ్లెక్టర్‌కు ప్రకటిస్తుంది; ఈ ప్రకటననే సభ్యత్వం అంటాం. దీనిని ఎవరూ ప్రత్యేకంగా టైపు చేయనక్కరలేదు. వీఆర్‌ఎఫ్‌లో ఇంపోర్ట్ వాక్యం రాసిన క్షణంలో రూటర్ తానే ప్రకటిస్తుంది. ఆ టార్గెట్‌ను వాడుతున్న చివరి వీఆర్‌ఎఫ్ తీసివేయగానే తానే ఉపసంహరించుకుంటుంది, రిఫ్లెక్టర్ కూడా ఆ రూట్లను వెనక్కి తీసుకుంటుంది. నిజం ఒకే చోట రాసి ఉంటుంది. నన్ను ఒప్పించిన లక్షణం ఇదే. పైన చెప్పిన ఊహాజనిత లెక్కలో అక్కరలేని 19,800 రూట్ల రాకను ఆపడానికి ఆ పీఈ చెప్పవలసినవి, ఒక్కొక్క వీపీఎన్‌కు ఒక్కొక్క టార్గెట్ చొప్పున, ఐదు ప్రకటనలు మాత్రమే.

సభ్యత్వం రూటులా ప్రయాణిస్తుంది కనుక దానికీ ఉత్తమ మార్గం ఎంపిక ఉంటుంది. దానిలో ఒక సూక్ష్మం ఉంది. ఒకే టార్గెట్‌ను పది పీఈలు అడిగితే రిఫ్లెక్టర్ వాటిలో ఒక మార్గాన్నే ఎంచి ఇతరులకు చెబుతుంది. మామూలు బీజీపీ నియమం ప్రకారం, ఏ పీఈ మార్గం ఎంపికైందో ఆ పీఈ తన ప్రకటనే తిరిగి వచ్చిందని గుర్తించి దానిని పక్కనపెడుతుంది. అప్పుడు ఆ పీఈకి మిగిలినవారు కూడా అదే టార్గెట్ అడుగుతున్నారని తెలియక, తన రూట్లు పంపడం మానేస్తుంది. ఈ చిక్కు రాకుండా, క్లయింటుకు, అంటే తన కింది పీఈకి, సభ్యత్వం చెప్పేటప్పుడు రిఫ్లెక్టర్ ఒరిజినేటర్ (ప్రకటన ఎవరిదో చెప్పే గుర్తు) స్థానంలో తన సంఖ్యనే పెట్టాలనీ, నెక్స్ట్ హాప్‌గా (తరువాతి మజిలీగా) ఆ సెషన్‌లోని తన చిరునామానే ఇవ్వాలనీ ఆర్‌ఎఫ్‌సీ 4684 నిర్దేశిస్తుంది. పత్రాన్ని పైపైన చదివితే ఈ వాక్యం ఎందుకుందో అర్థం కాదు. ప్రయోగశాలలో ప్యాకెట్లు పట్టుకుని చూసినప్పుడు అర్థమైంది.

పని ఆరంభించే ముందు ప్రతి పీఈలోని ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ టార్గెట్లను యంత్రాల నుంచే తీసి, మా దగ్గరి రిజిస్టరుతో సరిపోల్చాము. ఇది విసుగు పుట్టించే పనే గానీ, దీనిని దాటవేస్తే మిగతా ఏ పనికీ పునాది ఉండదు. సహకార బ్యాంకు వీపీఎన్ ఒకటి కేంద్రం, శాఖల నమూనాలో ఉంది: విజయనగరంలోని ప్రధాన కార్యాలయం ఒక టార్గెట్‌తో రూట్లు పంపుతుంది, శాఖలు మరొక టార్గెట్‌తో పంపుతాయి, శాఖ శాఖతో నేరుగా మాట్లాడదు. ఇటువంటి చోట శాఖ ఉన్న పీఈ కేంద్రపు టార్గెట్‌ను మాత్రమే అడుగుతుంది, మిగతా శాఖల రూట్లు దానికి రానేరావు. వడపోత వలన వచ్చే లాభం ఈ నమూనాలోనే అన్నింటికంటే ఎక్కువగా కనిపించింది.

దానికి పూర్తిగా విరుద్ధంగా నిలిచింది మా సొంత నిర్వహణ వీపీఎన్. ఖాతాదారుల దగ్గర పెట్టిన మా పరికరాలను గమనించడానికి ప్రతి పీఈలోనూ ఒక వీఆర్‌ఎఫ్ ఉంది. అందరూ ఒకే టార్గెట్‌తో పంపుతారు, అందరూ అదే టార్గెట్‌ను తీసుకుంటారు. సభ్యత్వ పద్ధతి అమలుచేసినా, అందరూ అడుగుతున్న టార్గెట్ అందరికీ వెళ్ళక తప్పదు. ఇచ్ఛాపురంలోని ఒక మోడెమ్ చిరునామా రాజాం పీఈకి ఎందుకు? ఆ అవసరం ఎన్నడూ లేదు. దానిని కూడా కేంద్రం, శాఖల నమూనాలోకి మార్చి, పర్యవేక్షణ సర్వర్లున్న చోట మాత్రమే అన్నీ చేరేటట్లు చేశాము. టార్గెట్లను ఎలా పంచామన్నదే అసలు రూపకల్పన. వడపోత ఆ రూపకల్పనను ఉన్నది ఉన్నట్టు అమలుచేస్తుంది. పంపకం వదులుగా ఉంటే ఏ పద్ధతీ రూట్లను తగ్గించలేదు.

ప్రయోగశాలలో రెండు పరిస్థితుల మీద ఎక్కువ సమయం గడిపాము. మొదటిది పాత రూటర్ల సంగతి. పాతపట్నం, మందస వైపు ఉన్న కొన్ని పాత పీఈలకు ఈ ఫ్యామిలీ తెలియదు. సెషన్ మొదలులో ఇద్దరూ ఈ సామర్థ్యాన్ని ఒప్పుకుంటేనే వడపోత జరుగుతుంది. ఒప్పుకోని వారికి రిఫ్లెక్టర్ మునుపటిలాగే అన్నీ పంపుతుంది. కాబట్టి పాతవాటికి ఇబ్బంది లేదని అనిపిస్తుంది. కానీ వడపోత రెండు వైపులా పనిచేస్తుందన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోవాలి. కొత్త పద్ధతిలోకి వచ్చిన పీఈ కూడా తన రూట్లలో రిఫ్లెక్టర్ అడిగిన టార్గెట్ ఉన్నవాటినే రిఫ్లెక్టర్‌కు చెబుతుంది. రిఫ్లెక్టర్‌కు సొంత వీఆర్‌ఎఫ్‌లు లేవు. ఇతర పీఈలు అడిగినవాటినే అది అడుగుతుంది. ఒక ఆసుపత్రికి శ్రీకాకుళంలో ఒక శాఖ, పాతపట్నంలో ఒక శాఖ ఉన్నాయనుకోండి. శ్రీకాకుళం పీఈ కొత్త పద్ధతిలో ఉంది, పాతపట్నం పీఈ తన సభ్యత్వాన్ని ఎన్నడూ చెప్పదు. ఆ టార్గెట్ మరెవరికీ అక్కరలేదు గనుక రిఫ్లెక్టర్ దానిని శ్రీకాకుళం వైపు అడగదు. శ్రీకాకుళం రూట్లు రిఫ్లెక్టర్ వరకు కూడా రావు, పాతపట్నానికి చేరే ప్రశ్నే లేదు. సెషన్లన్నీ బాగానే ఉంటాయి, ఎక్కడా హెచ్చరిక రాదు, ఆసుపత్రి మాత్రం తెగిపోతుంది.

దీనికి మందు డిఫాల్ట్ సభ్యత్వం. సున్నా పొడవున్న ఆ ప్రకటనకు అర్థం, అన్ని టార్గెట్ల రూట్లూ నాకు పంపమని. రిఫ్లెక్టర్ దానిని తన పీఈలన్నింటికీ చెబితే, పీఈలు తమ రూట్లన్నీ మునుపటిలాగే పైకి పంపుతాయి; వడపోత పై నుంచి కిందికి మాత్రమే జరుగుతుంది. మాకు కావలసినది కూడా అదే. రిఫ్లెక్టర్‌కు బలం ఉంది, పీఈకి లేదు. డిఫాల్ట్ లేకుండా ఏ ఒక్క పీఈనీ మార్చకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాము.

రెండవది ఇచ్ఛాపురం దగ్గర ఒడిశా వైపు భాగస్వామి ప్రొవైడర్‌తో కలిసే సరిహద్దు రూటర్. బరంపురంలో శాఖలున్న వ్యాపారుల కోసం ఆ అనుసంధానం ఉంది. అది రెండు సంస్థల మధ్య వీపీఎన్ రూట్లను నేరుగా బీజీపీలో ఇచ్చిపుచ్చుకునే రకం, ఆప్షన్ బీ అంటాం. ఆ రూటర్‌లో వీఆర్‌ఎఫ్ ఒక్కటీ లేదు. ఇంపోర్ట్ లేనందున దాని నుంచి సభ్యత్వ ప్రకటన ఏదీ పుట్టదు. దానికీ రిఫ్లెక్టర్‌కూ మధ్య కొత్త ఫ్యామిలీని ఏ ఆలోచనా లేకుండా ప్రారంభిస్తే, ఏమీ అడగని ఆ రూటర్‌కు రిఫ్లెక్టర్ ఏమీ పంపదు; అటుపక్కవారికి మన రూట్లన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. ప్రయోగశాలలో సరిగ్గా అదే జరిగింది. భాగస్వామి కూడా తన సభ్యత్వాలను మనకు ప్రకటిస్తే సమస్య సహజంగానే తీరుతుంది, అయితే దానికి వారి ఒప్పుకోలు కావాలి. అంతవరకు సరిహద్దు రూటర్ కూడా డిఫాల్ట్ సభ్యత్వాన్ని రిఫ్లెక్టర్‌కు చెప్పేటట్లు ఏర్పాటు చేశాము. ఇక్కడ ఒక మాట చెప్పితీరాలి. సభ్యత్వ వడపోత భద్రత కోసం ఏర్పడినది కాదని ఆర్‌ఎఫ్‌సీయే స్పష్టం చేస్తుంది. రెండు సంస్థల మధ్య సరిహద్దులో ఏ టార్గెట్లు రావాలో, ఏవి వెళ్ళాలో వేరే ఫిల్టర్ తప్పకుండా ఉండాలి. ఎవరైనా ఒక టార్గెట్ అడిగినంత మాత్రాన వారికి అది ఇచ్చే హక్కు మనకు ఏర్పడదు. మా దగ్గర ఆ ఫిల్టర్ ముందు నుంచీ ఉంది, దానిని అలాగే ఉంచాము.

అమలు రాత్రివేళ, బ్యాంకుల లెక్కలు ముగిసిన తరువాత మొదలుపెట్టాము. కొత్త ఫ్యామిలీని చేర్చినప్పుడు సెషన్ తెగి మళ్ళీ మొదలవుతుంది, ఎందుకంటే సామర్థ్యాల ఒప్పందం సెషన్ ఆరంభంలోనే జరుగుతుంది. రెండు రిఫ్లెక్టర్లున్నందున ఒకదాని తరువాత ఒకటి చేస్తే ఖాతాదారుకు అంతరాయం ఉండదు: ఒక సెషన్ తెగినా రెండవ దాని రూట్లు పట్టికలో నిలిచే ఉంటాయి. మా వరుస ఇది: ముందు విజయనగరం రిఫ్లెక్టర్ వైపు డిఫాల్ట్‌తో సహా అమరిక సిద్ధం చేయడం, ఆ తరువాత ఒక పీఈతో ఆ సెషన్‌లో ఫ్యామిలీ ప్రారంభించడం, అన్నీ సరిచూసుకున్నాకే విశాఖ రిఫ్లెక్టర్‌తో అదే పీఈకి చేయడం. మొదటి పీఈగా రాజాంను ఎంచుకున్నాము. అక్కడ వీపీఎన్‌లు తక్కువ, మనిషి వెళ్ళడానికి దారి దగ్గర.

రాజాంలో సెషన్ తిరిగి లేచిన తరువాత నేను రిఫ్లెక్టర్ తెర మీదనే కళ్ళు పెట్టి కూర్చున్నాను. ముందుగా సభ్యత్వ పట్టికలో రాజాం పేరు మీద ఒక్కొక్క వరుసా వచ్చింది, చివర /96తో. ఆ తరువాత ఆ ఫ్యామిలీకి ఎండ్ ఆఫ్ రిబ్ గుర్తు, అంటే చెప్పవలసినదంతా చెప్పానన్న సంకేతం, వచ్చింది. అప్పుడే వీపీఎన్ రూట్లు అటు కదిలాయి. ఆ సంకేతం కోసం కొంతసేపు ఆగి ఆ తరువాతే వీపీఎన్ రూట్లు పంపడం మంచిదని ఆర్‌ఎఫ్‌సీ చెబుతుంది; సంకేతం రాకపోతే ఎంతసేపైనా ఆగిపోకుండా ఒక గరిష్ఠ పరిమితి పెట్టమని, మామూలుగా అది 60 సెకన్లని కూడా చెబుతుంది. పీఈ వైపు చూస్తే 0:0:0/0 అనే ఒక్క వరుస, రిఫ్లెక్టర్ ఇచ్చిన డిఫాల్ట్, కనిపించింది. విజయనగరం సెషన్ నుంచి వచ్చిన రూట్లన్నీ ఏదో ఒక వీఆర్‌ఎఫ్‌కు చెందినవే. పారేసినది ఒక్కటీ లేదు. పక్కనే విశాఖ సెషన్ ఇంకా పాత పద్ధతిలో మొత్తం పట్టికను కుమ్మరిస్తూ ఉంది. ఒకే తెర మీద ఆ రెండు సంఖ్యలనూ పక్కపక్కన చూడడం, ఎన్నాళ్ళుగానో వాదిస్తున్న విషయం కళ్ళెదుట నిలబడడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది.

శ్రీకాకుళం వంతు వచ్చినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. విజయనగరం రిఫ్లెక్టర్‌తో సెషన్ లేచింది, రెండు వైపులా సామర్థ్యం ఒప్పుకున్నారు, పీఈ తన సభ్యత్వాలను పంపుతున్నట్టు చూపిస్తోంది. అయినా ఆ సెషన్‌లో రిఫ్లెక్టర్ నుంచి ఒక్క వీపీఎన్ రూటు కూడా రాలేదు. ఖాతాదారులెవరూ దీనిని గమనించలేదు, ఎందుకంటే విశాఖ వైపు నుంచి రూట్లు వస్తూనే ఉన్నాయి. వీఆర్‌ఎఫ్ పట్టికను చూస్తే అంతా సవ్యంగానే ఉంది. సెషన్ వారీగా సంఖ్యలు చూడాలన్న నియమం పెట్టుకున్నందువల్లనే విశాఖ వైపు చేయి పెట్టక ముందే ఇది బయటపడింది. రిఫ్లెక్టర్‌లో చూస్తే ఆ పీఈ సభ్యత్వాలు అందాయి గానీ, దాచిన రూట్లలో, అంటే పాలసీ తిరస్కరించిన వాటిలో, ఉన్నాయి. ఆ గ్రూపు పీఈల మీద ఎన్నో ఏళ్ళ కిందట రాసిన ఇంపోర్ట్ పాలసీ ఒకటుంది: మా సంస్థ టార్గెట్లు ఉన్న రూట్లను అంగీకరించి, మిగతావన్నీ తిరస్కరించమని. వీపీఎన్ రూట్లు మాత్రమే ఉన్న కాలానికి అది సరైన, జాగ్రత్తగల పాలసీ. కానీ మా రిఫ్లెక్టర్‌లో ఆ పాలసీ పొరుగు రూటర్ మొత్తానికి, అన్ని ఫ్యామిలీలకూ వర్తిస్తుంది. సభ్యత్వ ప్రకటనలో టార్గెట్ అనేది రూటుకు అంటించిన కమ్యూనిటీగా (అదనపు గుర్తుగా) ఉండదు, చిరునామా స్థానంలోనే ఉంటుంది. కనుక ఆ పాలసీ దృష్టిలో అది టార్గెట్ లేని రూటు, తిరస్కరించవలసినది. పాలసీ మొదట్లో ఆ ఫ్యామిలీని అంగీకరించే ఒక నిబంధన చేర్చగానే రూట్లు వచ్చాయి. ఇటువంటి మార్పు చేసేవారు తమ పాలసీలన్నింటినీ ఈ ఒక్క కోణంలో ముందే చదువుకోవాలని నా సలహా. ఒకే రిఫ్లెక్టర్ ఉన్న నెట్‌వర్క్‌లో ఇదే గనుక జరిగితే ఆ పీఈ కింద ఉన్నవారందరికీ సేవ ఆగిపోతుంది.

టెక్కలి, నరసన్నపేట, బొబ్బిలి ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. పలాస చివరికి మిగిలింది, దానికోసమే ఈ పనంతా మొదలుపెట్టాను గనుక అక్కడికి నేనే వెళ్ళాను. మార్పు తరువాత రూటర్‌ను కావాలనే ఆపి, మళ్ళీ లేపి చూశాము. సెషన్ లేవడానికీ బ్యాంకు శాఖ నుంచి ప్రధాన కార్యాలయానికి పింగ్ వెళ్ళడానికీ మధ్య ఉండే ఆ నిరీక్షణ పోయింది. తనకు కావలసిన కొద్ది రూట్లు వెంటనే అందాయి, వాటి వెనుక వరుసలో ఇంకేమీ లేవు.

కొత్త కనెక్షన్ ఇచ్చే పద్ధతి కూడా మారింది. ఇటీవల బొబ్బిలిలో ఒక కళాశాల ప్రాంగణానికి పట్టపగలే వీఆర్‌ఎఫ్ చేర్చాము. ఇంపోర్ట్ వాక్యం అమలు కాగానే రిఫ్లెక్టర్‌లో బొబ్బిలి పేరు మీద ఒక కొత్త సభ్యత్వ వరుస వచ్చింది, ఆ కళాశాల రూట్లు మాత్రమే కిందికి దిగాయి. మొత్తం పట్టికను మళ్ళీ అడగవలసిన పని పడలేదు, ఆ రూటర్ మీదున్న ఇతర ఖాతాదారులకు అసలేమీ తెలియలేదు.

ఈ పద్ధతి తీర్చని విషయాలు కూడా ఉన్నాయి. రిఫ్లెక్టర్లు ఇప్పటికీ అన్ని రూట్లనూ మోస్తున్నాయి, మేము డిఫాల్ట్ ఇస్తున్నంత కాలం అది తప్పదు. దాదాపు అన్ని వీపీఎన్‌లూ ఉన్న విజయనగరం పీఈకి దీనివలన పెద్దగా లాభం లేదు. ఇంకొక జాగ్రత్త: ఈ సభ్యత్వాలు ఐపీవీ4 వీపీఎన్‌కే పరిమితం కావు. రూట్ టార్గెట్‌తో ప్రయాణించే ఐపీవీ6 వీపీఎన్, లేయర్ 2 వీపీఎన్ రూట్లకు కూడా వర్తిస్తాయి. అదే సెషన్‌లో అవి కూడా ఉన్నవారు, వాటి టార్గెట్లు కూడా సభ్యత్వ పట్టికలో కనిపిస్తున్నాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

పాతపట్నం, మందస రూటర్లను మార్చే ప్రతిపాదన యాజమాన్యం దగ్గర ఉంది. అవి మారే వరకు రిఫ్లెక్టర్ల మీద డిఫాల్ట్ ఉంటుంది, దానిని ఎవరూ అనవసరమనుకుని తీసివేయకుండా అమరికలోనే కారణం రాసి పెట్టాము. ఇచ్ఛాపురం సరిహద్దులో సభ్యత్వాలను ఇచ్చిపుచ్చుకోవడానికి భాగస్వామి సంస్థ ఇంజినీర్లు సుముఖంగానే ఉన్నారు. ముందుగా రెండు వైపుల టార్గెట్ల జాబితాను కలిసి కూర్చుని సరిచూసుకోవాలని అనుకున్నాము.